కమిటీకి పేర్లు తర్వాత రాద్దాం, ముందు నియమాలు రాద్దాం



వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో "మానసిక ఆరోగ్య కమిటీ ఏర్పాటు" అని ఒక అంశం పెట్టారు. చాలా మంచి పని. నేను ఉద్యోగం మీద షోలాపూర్ వచ్చిన రోజుల్లో మన పేటల్లో ఈ మాట పైకి అనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు ఎజెండా కాగితం మీద అచ్చులో చూస్తే సంతోషం అయింది. ఆ అంశం పెట్టిన కార్యవర్గానికి ముందుగా ధన్యవాదాలు.

అయితే నాలుగు రోజులుగా గ్రూపులో నడుస్తున్న చర్చ కూడా చూస్తున్నాను. కమిటీ అధ్యక్షుడు ఎవరు, ఏ పేట నుంచి ఎందరు, డాక్టరుగారిని సభ్యుడిగా పెట్టాలా గౌరవ సలహాదారుగా పెట్టాలా, అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కాబట్టి ఆ రోజు క్యాంపు పెట్టి ఎవరిచేత ప్రారంభం చేయించాలి, ఇదే మాట. ఈ కమిటీ అయిదేళ్ళలో ఏం చేయాలి, డబ్బు ఎవరి చేతిలో ఉండాలి, రోగి పేరు ఎవరెవరికి తెలియాలి, అధ్యక్షుడు మారితే పని ఆగకుండా ఎట్లా చూడాలి అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నా అభిప్రాయం ఒక్కటే. ఈ కమిటీకి నియమాలు రాసి, సర్వసభ్య సమావేశంలో మంజూరు చేయించుకున్న తర్వాతే పేర్లు రాయాలి. ఎందుకు అంటున్నానో కొంచెం పొడుగ్గానే చెప్తాను. తీరిక దొరికినప్పుడు చదవండి.

ముందు క్యాంపు సంగతి. క్యాంపు వద్దని నేను అనను. మనం కంటి క్యాంపు పెట్టాం, షుగరు క్యాంపు పెట్టాం, జనం బాగానే వచ్చారు. కంట్లో పొర తీసే ఆపరేషను ఒకసారి చేస్తే ఆ కంటికి ఆ పని అయిపోయినట్టే. స్కిజోఫ్రీనియా, బైపోలార్, తీవ్రమైన డిప్రెషన్ అట్లాంటివి కావు. వీటికి నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి మందు వాడాలి, మధ్యలో డాక్టరు చూస్తూ ఉండాలి. మొదటి చీటీ రాయించడం పెద్ద కష్టం కాదు. రెండో నెల వచ్చాడా, ఆరో నెల వచ్చాడా, కాస్త నయమైన తర్వాత కూడా వస్తున్నాడా అన్నదే అసలు సంగతి.

లెక్క వేసి చూడండి. ఒక మనిషి నెలకు ఒకసారి డాక్టరు దగ్గరికి పోవాలంటే అయిదేళ్ళలో 60 సార్లు. మన పేటల్లో 20 మందిని మాత్రమే చూసుకుంటాం అనుకున్నా 1200 సార్లు. క్యాంపు ఈ 1200లో 20 సార్లకు సరిపోతుంది. మిగతా 1180 సార్లకు మన దగ్గర ఏం ఏర్పాటు ఉంది? నేను ప్లాను అంటున్నది దీన్నే.

నా ఎరుకలోని ఒక సంగతి చెప్తాను, పేరు, పేట చెప్పను. టవల్ కారఖానాలో రాత్రి పాళీ చేసే ఒకాయన. చీకటి పడితే గోడల్లోంచి ఎవరో తిడుతున్నట్టు వినిపించేది. ఇంటివాళ్ళు కష్టపడి డాక్టరుకు చూపించారు. మందు పని చేసింది, మాటలు వినబడటం తగ్గింది. కానీ ఆ మాత్ర వేసుకుంటే నిద్ర ముంచుకొచ్చేది. రాత్రంతా మరమగ్గాల మధ్య నిలబడే మనిషికి నిద్ర వస్తే దారం తెగింది కూడా కనిపించదు, చేయి ఎక్కడ పడుతుందో కూడా తెలియదు. వారం పగారు పోతుందని మాత్ర మానేశాడు. నాలుగు నెలల్లో జబ్బు తిరగబెట్టింది. మందు వేసే వేళ మార్చవచ్చా, మందే మార్చవచ్చా అని డాక్టరును ఎవరూ అడగలేదు. ఆయన రాత్రి పాళీ చేస్తాడని డాక్టరుకు ఎవరూ చెప్పలేదు. డాక్టరు తన పని చేశాడు, ఇంటివాళ్ళు తమ పని చేశారు. మధ్యలో నెలకోసారి వెళ్ళి "ఎట్లా ఉన్నావు తమ్మీ, మాత్ర పడుతోందా?" అని అడిగే మనిషి లేడు. ఆ మనిషిని పెట్టగలిగితే మన కమిటీ ఉండి ప్రయోజనం. క్యాంపు ఎంత పెద్దగా చేసినా ఆ లోటు తీరదు.

డాక్టర్లు ఈ పాఠం చాలా ముందే నేర్చుకున్నారు. మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో వచ్చింది. పెద్ద పెద్ద మానసిక ఆసుపత్రులు కట్టుకుంటూ పోతే అందరికీ అందదు, వైద్యం మామూలు జనం ఉన్నచోటికి రావాలి అని దాని ఉద్దేశం. అది కాగితం మీది మాట. చేతల్లో చూపించింది బెంగుళూరు నిమ్హాన్స్ వాళ్ళు, 1980లలో, బళ్ళారి జిల్లాలో. మన హోటగిలో గదగ్ లైను బండి ఎక్కి, గదగ్‌లో మారితే బళ్ళారి. అంత దగ్గర. అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు తరిఫీదు ఇచ్చారు. ఎక్కువ రకాలు కాదు, ముఖ్యమైన కొద్ది మందులు ఎప్పుడూ అందుబాటులో ఉండేలా చూశారు. సులభమైన రిజిస్టరు పెట్టారు, నెలనెలా రిపోర్టు తెప్పించుకున్నారు.

ఆ జిల్లా బృందంలో ఎవరెవరు ఉన్నారో గమనించండి. ఒక సైకియాట్రిస్టు, ఒక సైకాలజిస్టు, ఒక సోషల్ వర్కరు, లెక్కలు రాయడానికి ఒక క్లార్కు. జీవితమంతా క్లార్కు పని చేసినవాణ్ణి కాబట్టి ఆ నాలుగో మనిషి దగ్గర నా కన్ను ఆగింది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరి మందు అయిపోవచ్చింది అని రాసే మనిషి లేకపోతే, మిగతా ముగ్గురూ ఎంత చదువుకున్నవాళ్ళయినా, రానివాడు రాలేదన్న సంగతే వాళ్ళకు తెలియదు.

బళ్ళారి చూసిన తర్వాత 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టారు. రాజస్థాన్‌లో సీకర్, అస్సాంలో నాగావ్, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మెదక్, తమిళనాడులో తిరుచ్చి. ఈ చివరి రెండు పేర్లు నాకు సొంత మనుషుల పేర్లలాగా వినిపిస్తాయి. నా చదువంతా తమిళ మీడియంలో అయింది, ఇంట్లో మాట తెలుగు. మీలో చాలామంది తాతలు తెలంగాణ నుంచి నడిచి వచ్చినవాళ్ళు. అంటే మన రెండు పక్కల చుట్టాల ఊళ్ళ దగ్గర ఈ పని మొదలై దాదాపు ముప్పై ఏళ్ళు అవుతోంది. అయినా నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, మానసిక జబ్బు ఉండి వైద్యం అందనివాళ్ళు జబ్బు రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం అని తేలింది. వందకు డెబ్భై మంది అంటే తక్కువ మాట కాదు. సర్కారు పథకం ఉన్నా అందలేదంటే, ఇంటి గుమ్మానికీ దవాఖానాకూ మధ్య దారి ఎవరూ వేయలేదని అర్థం. ఆ దారి వేయడం కులసంఘాలు, పేట సంఘాలు చేయగలిగిన పని.

ఇప్పుడు పరిపాలన విషయానికి వస్తాను. ఇక్కడే నాకు ఎక్కువ భయం.

డాక్టర్లకు కూడా సంఘం ఉంది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 1947 జనవరిలో, స్వాతంత్ర్యానికి కొన్ని నెలల ముందే ఏర్పడింది. మన తెలుగువాళ్ళు, హైదరాబాదు డాక్టరు జి. ప్రసాదరావుగారు, విశాఖపట్నం డాక్టరు ఎన్.ఎన్. రాజుగారు, దానికి అధ్యక్షులుగా చేశారు. ఆ సొసైటీలో ఒక పద్ధతి నాకు నచ్చింది. ఈ ఏడు ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన మనిషే వచ్చే ఏడు అధ్యక్షుడు అవుతాడు. కుర్చీలో కూర్చునే ముందు ఏడాదిపాటు పక్కనే ఉండి పని చూస్తాడు. ఎవరు వస్తారో ముందే తెలుసు కాబట్టి చివరి రోజు గుంజులాట ఉండదు.

మన రైల్వేలో కూడా ఇంతే కదా. బుకింగ్ ఆఫీసులో పాళీ అయిపోయిందని క్లార్కు లేచి ఇంటికి పోడు. అట్ట టికెట్ల కాలంలో ప్రతి స్టేషను పేరుకూ ఆఖరి టికెట్టు నంబరు ఎంత, క్యాషు ఎంత అని రాసి, వచ్చినవాడి ముందు లెక్క అప్పజెప్పి, ఇద్దరూ సంతకాలు పెట్టాకే లేవాలి. మన సంఘంలో అధ్యక్షుడు మారినప్పుడు అట్లా అప్పజెప్పింది మీలో ఎవరైనా చూశారా? పాత కార్యవర్గం బ్యాంకు పాస్‌బుక్ ఇస్తుంది. పాత పనులు మాత్రం వాళ్ళతోనే పోతాయి. స్కాలర్‌షిప్ కమిటీలో అట్లా జరిగితే ఒక ఏడు పిల్లలకు డబ్బు ఆలస్యం అవుతుంది, అంతే. ఈ కమిటీలో జరిగితే మందు ఆగుతుంది. మందు ఆగితే ఏమవుతుందో ఆ టవల్ కారఖానా తమ్ముడి సంగతిలో చూశాం.

అదే సొసైటీలో నాకు మనకు పనికిరాదనిపించే పద్ధతి కూడా ఒకటి ఉంది. అధ్యక్ష పదవి ఏడాదే. వేలమంది సభ్యులు, రాష్ట్ర శాఖలు, జోన్లు ఉన్న పెద్ద సంస్థకు ఏడాది పదవి సరిపోవచ్చు, కింద నడిపే యంత్రాంగం ఉంటుంది. మనది పది మంది కమిటీ. ఏడాదికొక అధ్యక్షుడు అంటే ఏడాదికొక కొత్త ఆలోచన. ఈ ఏడు యోగా, వచ్చే ఏడు ధ్యానం, ఆపై ఏడు విద్యార్థుల ఒత్తిడి మీద ఉపన్యాసం. అన్నీ మంచివే. కానీ మందు వాడుతున్న 20 మందిని అయిదేళ్ళు ఎవరు చూస్తారు?

ఇంకో తేడా కూడా చెప్పాలి. డాక్టర్ల సొసైటీ వృత్తి సంఘం. అందులో డాక్టర్లు ఉండటం న్యాయమే. మన కమిటీ వృత్తి సంఘం కాదు, రోగుల కోసం పెట్టేది. గ్రూపులో తిరుగుతున్న పేర్ల జాబితాలో ఒక డాక్టరుగారు, ఒక వకీలు, ముగ్గురు కారఖానాదార్లు, ఇద్దరు మాజీ నగరసేవకులు ఉన్నారు. అందరూ పెద్దమనుషులే, నాకు గౌరవం ఉంది. కానీ జబ్బుతో బతికిన మనిషిగానీ, అట్లాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని సాకిన తల్లిగానీ ఒక్కరైనా అందులో ఉన్నారా?

ఇది నా సొంత కోరిక అనుకోకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చదివి చూడండి. రాష్ట్ర స్థాయి అథారిటీలో జబ్బు ఉన్న లేదా జబ్బు నుంచి బయటపడిన ఇద్దరు, సంరక్షకుల తరఫున ఇద్దరు ఉండాలని చట్టమే చెప్పింది. జిల్లాల్లో పెట్టాల్సిన రివ్యూ బోర్డుల్లో కూడా జడ్జి, డాక్టర్లతోపాటు రోగులు, సంరక్షకులు లేదా స్వచ్ఛంద సంస్థల తరఫున ఇద్దరికి చోటు ఉంది. పార్లమెంటు ఇచ్చిన కుర్చీని పేట సంఘం ఇవ్వలేదా?

దీనికి ఒక ఎదురుమాట ఉంది, అది నిజమైనదే. "కాకా, మన పేటలో ఆ కుర్చీలో కూర్చుంటే ఆ ఇంట్లో ఆడపిల్లకు పెళ్ళి అవుతుందా?" అని ఒక తమ్ముడు నాకు ఫోను చేసి అడిగాడు. కాదనలేను. మాటల్లోనే ఎంత ముల్లు ఉందో చూడండి. తెలుగులో పిచ్చి అంటాం, మరాఠీలో వేడా అంటారు, తమిళంలో పైత్యం అంటారు. అదే పైత్యం తెలుగులోకి వస్తే అజీర్తి అవుతుంది, తిక్క అవుతుంది. మూడు భాషల్లోనూ ఆ మాట తిట్టుగానే వాడతాం. బీపీ ఉందని, షుగరు ఉందని చెప్పుకున్నట్టు చెప్పుకునే రోజు ఇంకా రాలేదు.

అందుకే నా సూచన ఇది. కమిటీలో రెండు కుర్చీలు "సంరక్షకుల తరఫున" అని రాయాలి. ఎవరి ఇంట్లో ఎవరికి జబ్బు అని ఎవరూ అడగకూడదు. వయసు మళ్ళిన వాళ్ళు, పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయిన వాళ్ళు, ఒప్పుకుంటే ముందుకు వస్తారు. మొదటి ఏడు ఎవరూ రాకపోతే ఆ కుర్చీలు ఖాళీగా ఉంచాలి, వేరేవాళ్ళతో నింపకూడదు. ఖాళీ కుర్చీ కనిపిస్తుంటే అది ఎవరిదో మీటింగుకు వచ్చిన ప్రతివాడికీ గుర్తుంటుంది. ఇంకో కుర్చీ బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళకు ఇవ్వాలి. ఇంట్లో జబ్బుమనిషిని చూసుకుంటూ బీడీలు చుట్టి బ్రాంచికి అప్పజెప్పేది వాళ్ళే. వాళ్ళు బ్రాంచికి వెళ్ళే వేళకు మీటింగు పెట్టి "రాలేదు" అనకూడదు.

పర్యవేక్షణ లేకపోతే ఏమవుతుందో తమిళనాడులో చూశాం. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా దగ్గర నడిచే ఒక ప్రైవేటు ఆశ్రమంలో తెల్లవారుజామున నిప్పు అంటుకుంది. లోపల ఉన్న రోగులకు గొలుసులు వేసి కట్టి ఉంచారు. పారిపోవడానికి లేక 28 మంది చనిపోయారు. ఆ రోజుల్లో తమిళ పత్రికలు చదువుతుంటే చేతులు వణికేవి. అక్కడికి తెచ్చి వదిలినవాళ్ళు రాక్షసులు కారు, మనలాంటి ఇళ్ళవాళ్ళే. ఊళ్ళో చూసే దిక్కు లేక, దేవుడి దగ్గర నయమవుతుందని తెచ్చారు. ఆ చోటుకు లైసెన్సు ఉందా, ఎందరు ఉన్నారు, ఎట్లా ఉన్నారు అని నెలనెలా వచ్చి చూసే కన్ను లేదు.

మన దగ్గర గాణగాపూర్ ఉంది. గాణగాపూర్ రోడ్డుకు టికెట్లు కొట్టినవాళ్ళకు తెలుసు, పున్నమికి, అమావాస్యకు జబ్బుమనుషులను మధ్యలో కూర్చోబెట్టుకుని ఎన్ని కుటుంబాలు పోయేవో. దత్తాత్రేయుడి మీద నాకూ భక్తి ఉంది. వాళ్ళను ఎగతాళి చేసి మనం సాధించేది ఏమీ లేదు. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా దగ్గర "దవా, దువా" అని డాక్టరు మందూ, దర్గా ప్రార్థనా పక్కపక్కనే ఇచ్చే ఏర్పాటు చేశారు. మొక్కు మొక్కండి, మాత్ర కూడా వేసుకోండి అన్నారు. మన కమిటీ కూడా అదే మాట చెప్పాలి. మొక్కుకు పోయే ఇంటివాళ్ళ సంచిలో మందు చీటీ కూడా ఉంటే చాలు.

చీటీ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న విషయం. డాక్టర్ల సొసైటీ జోన్లలో మహారాష్ట్ర పశ్చిమ జోన్, తెలంగాణ, ఆంధ్ర, తమిళనాడు దక్షిణ జోన్. వాళ్ళ సౌకర్యం కోసం గీసిన గీత అది. మన కుటుంబాలు ఆ గీతకు రెండు వైపులా ఉన్నాయి. ఇక్కడ జబ్బు పడిన కోడలు ఆరు నెలలు సిరిసిల్లలోనో వరంగల్‌లోనో పుట్టింట్లో ఉంటుంది. అక్కడి డాక్టరుకు ఇక్కడ ఏ మందు ఇచ్చారో తెలియదు. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ రాసిన ఒక చిన్న కార్డు రోగి దగ్గరే ఉండాలి. దాని మీద మన సంఘం పేరు కూడా అచ్చు వేయొద్దు. ఆ కార్డు చూసినవాళ్ళు ఏమీ ఊహించకూడదు.

ఇంత చెప్పాక, ఏ పని చేయాలి, ఏది వద్దు అన్నది తేల్చాలి. అమెరికాలో సమాజంలో పనిచేసే సైకియాట్రిస్టులకు ప్రత్యేకంగా ఒక సంఘం ఉంది. వాళ్ళు "లోకస్" అని ఒక కొలత తయారుచేశారు. రోగికి ఎంత వైద్యం కావాలో తేల్చడానికి ఆరు విషయాలు చూస్తారు. ప్రాణాపాయం ఉందా, రోజు పనులు చేసుకోగలుగుతున్నాడా, వేరే జబ్బులు ఉన్నాయా, ఇంటి చుట్టూ ఒత్తిడి ఎంత ఆదరణ ఎంత, ఇంతకుముందు వైద్యం ఎట్లా పని చేసింది, తానుగా వైద్యానికి ఒప్పుకుంటున్నాడా. మనం డాక్టర్లం కాదు, ఆ కొలత మనం వాడకూడదు. కానీ ఒకటి గమనించండి. ఆ ఆరింటిలో నాలుగోది, ఇంటి చుట్టూ ఒత్తిడి, ఆదరణ, డాక్టరు చీటీతో మారేది కాదు. అక్కడ మన పని మొదలవుతుంది.

మిగతాది ఉన్న వ్యవస్థకు వదలాలి. మన సివిల్ హాస్పిటల్‌లో మానసిక విభాగం ఉంది. 2022 అక్టోబరు 10 నుంచి సర్కారు టెలి మానస్ నడుపుతోంది, 14416కు ఫోను చేస్తే ఖర్చు లేదు, తెలుగులో కూడా మాట్లాడతారు. ఇవి ఉండగా మనం వేరే దవాఖానా కట్టే పని లేదు. "భవనం కడదాం, దాతల పేర్లు రాతి మీద చెక్కిద్దాం" అనే మాట అప్పుడే మొదలైంది. మన తూర్పు భాగంలో సహకార పద్ధతిలో మార్కండేయుడి పేరున రుగ్ణాలయమే పెట్టుకున్నవాళ్ళం, కట్టడం మనకు కొత్త కాదు. కానీ ఈ పనికి ఇటుకలకంటే మనుషులు ముఖ్యం. ఒక సోషల్ వర్కరుకు సగం రోజు జీతం, ముసలివాళ్ళకు ఆటో కిరాయి, సివిల్‌లో దొరకని మందు కొనడానికి కొంచెం డబ్బు. దాతలు ఈ మూడింటికి ఇవ్వాలి. రాతి మీద చెక్కడానికి ఏమీ ఉండదని ముందే చెప్పాలి.

ఇంకో జాగ్రత్త. సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యల గురించి ఎన్నిసార్లు చదివాం. చాదర్ అమ్ముడుపోక, పగారు చాలక, వడ్డీ కట్టలేక మనిషి నలిగిపోతే, దాన్ని జబ్బు అని పేరు పెట్టి మాత్ర ఇచ్చి పంపితే అన్యాయం. అట్లాంటి ఇంటికి అప్పు సంగతి తెలిసిన మనిషి కూడా వెళ్ళాలి. అదే సమయంలో, "చచ్చిపోతా" అని ఎవరైనా అంటే అప్పు తీరాక చూద్దాం అనుకోకూడదు, ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, ఒంటరిగా వదలకూడదు. పోలీసు కేసు అవుతుందని దాచిపెడతారు కొందరు. ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఈ ఒక్క మాట ప్రతి గల్లీలో తెలిస్తే ప్రాణాలు దక్కుతాయి.

"ఇది సర్కారు పని, మనకెందుకు" అనేవాళ్ళు ఉన్నారు. మందు ఇవ్వడం సర్కారు పని, ఒప్పుకుంటాను. రాత్రి పాళీ చేసే తమ్ముడి తలుపు తట్టడం సర్కారుకు రాదు. "ఇన్ని నియమాలు పెడితే పని చేసేవాళ్ళే రారు" అనేవాళ్ళకు చెన్నై స్కార్ఫ్ సంస్థను చూపిస్తాను. కీళ్పాక్కం మానసిక ఆసుపత్రికి చాలా ఏళ్ళు అధికారిణిగా చేసిన డాక్టరు శారదా మేనన్ గారు 1984లో దాన్ని స్థాపించారు. ఆవిడ తర్వాత తారగారు, ఆ తర్వాత పద్మావతిగారు నడిపించారు. శారదా మేనన్ గారు 2021లో వెళ్ళిపోయారు, సంస్థ నడుస్తూనే ఉంది. పెట్టినవాళ్ళ తర్వాత కూడా నడిచే సంస్థ ఎక్కడ కనిపించినా, దాని వెనక పని అప్పజెప్పే పద్ధతి ఒకటి ఉంటుంది.

కాబట్టి సర్వసభ్య సమావేశంలో పేర్లకు ముందు ఈ ఆరు నియమాలు ఓటుకు పెట్టాలని కోరుతున్నాను.

1. కమిటీ సభ్యత్వం మూడేళ్ళు. ప్రతి ఏడు మూడోవంతు మంది మారాలి, అందరూ ఒకేసారి మారకూడదు. తర్వాతి అధ్యక్షుడిని ఏడాది ముందే ఎన్నుకోవాలి. అప్పజెప్పిన కాగితం మీద ఇద్దరి సంతకాలు ఉండాలి.

2. రెండు కుర్చీలు సంరక్షకులకు, ఒకటి బీడీ పని చేసే మహిళకు. మనిషి దొరకకపోతే ఖాళీగా ఉంచాలి.

3. రోగుల పేర్లు సంఘం ఆఫీసుకు రాకూడదు. రిజిస్టరు సోషల్ వర్కరు దగ్గర తాళంలో ఉండాలి. కోశాధికారికి సంఖ్య మాత్రమే చెప్పాలి. ఎందరు వచ్చారు, ఎందరు మానేశారు, ఎంత ఖర్చయింది, అంతే. చట్టం 23వ సెక్షన్ రోగికి గోప్యత హక్కు ఇచ్చింది.

4. ఫోటోలు లేవు. క్యాంపులో ఉపన్యాసం ఇచ్చేవాళ్ళ ఫోటో వేసుకోండి. చూపించుకోవడానికి వచ్చినవాళ్ళ ఫోటో గ్రూపులో, పేపర్లో, ఎక్కడా పడకూడదు.

5. వేరే బ్యాంకు ఖాతా. రథోత్సవం ఖర్చుకు తగ్గిందని ఈ ఖాతాలోంచి అప్పు తీసుకోకూడదు. నారళీ పున్నమికి రథం ముందు నడిచేవాళ్ళలో నేనూ ఒకణ్ణి, కోపం తెచ్చుకోకండి.

6. అయిదేళ్ళ ప్లాను ఒక పేజీలో. మొదటి ఏడు 20 మంది దాటకూడదు. ఏడాది చివర అడగాల్సిన ప్రశ్న ఎంతమంది క్యాంపుకు వచ్చారని కాదు, ఆ 20 మందిలో ఎందరు ఇంకా వస్తున్నారని.

ఈ ఆరింటిలో మార్పులు ఉంటే చెప్పండి, నేను రాసిందే వేదం కాదు. వకీలుగారు భాష సరిచేస్తే ఇంకా మంచిది. డాక్టరుగారికి ఏ నియమం అడ్డం వస్తుందో ఆయనే చెప్పాలి. కార్యవర్గం ఒప్పుకుంటే తెలుగులో, మరాఠీలో ముసాయిదా అచ్చు తీయించే పని నేను చేస్తాను, ఖర్చు అడగను.

ఒక మనవి. ఈ పోస్టు కింద అభిప్రాయం రాసేవాళ్ళు నియమాల గురించి మాత్రమే రాయండి. మీ ఇంటి సంగతిగానీ, పక్కింటి సంగతిగానీ ఇక్కడ రాయొద్దు. చెప్పుకోవాలనిపిస్తే నాకు ఫోను చేయండి, లేదా సాయంత్రం ఇంటికి రండి, చాయ తాగుతూ మాట్లాడుకుందాం. నా నోటి నుంచి అది ఇంకొకరికి పోదు.

సమావేశానికి తప్పకుండా రండి. పెద్దలతోపాటు ఇంట్లో ఆడవాళ్ళను కూడా తీసుకురండి.

మీ కాకా.